హెల్‌డైవర్స్ 2 రివ్యూలు, మా తమ్ముడి రెండున్నర వేలు

ఈ ఎపిసోడ్ హైదరాబాద్‌లో నా రూమ్ నుంచి కాదు, చిరాగ్‌పల్లిలో మా ఇంటి డాబా మీద నుంచి. వెనకాల లారీ హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి, 65వ నంబర్ జాతీయ రహదారి పక్కనే ఉంది. జహీరాబాద్ నుంచి వచ్చి మా ఊరు దాటితే కర్ణాటక.

ఈరోజు టాపిక్ హెల్‌డైవర్స్ 2. కొత్త గేమ్ ఏం కాదు, వచ్చి రెండేళ్లు అయింది. కానీ ఈ రెండేళ్లలో దీనికి వచ్చినన్ని రకాల తీర్పులు ఇంకో గేమ్‌కి రావడం నేను చూడలేదు. అద్భుతం అన్నారు. మోసం అన్నారు. సరే క్షమించాం అన్నారు. మళ్లీ తిట్టారు. ఆ ఏడాది చివర్లో అవార్డులు ఇచ్చారు. గేమ్ మాత్రం అదే.

ఆ తీర్పుల్లో నాది కూడా ఒకటి ఉంది. 2024 ఫిబ్రవరిలో నేను చేసిన రివ్యూలో "కళ్లు మూసుకుని కొనేయండి" అన్నాను. మా చిన్నమ్మ కొడుకు నిజంగానే కళ్లు మూసుకుని కొన్నాడు. ఆ కథ కూడా చెప్తాను. నిజం చెప్పాలంటే ఈ ఎపిసోడ్ ఆ ఒక్క మాటకి సవరణ.

ముందు గేమ్ గురించి, తెలియనివాళ్ల కోసం. ఫ్రీ ఫైర్, బీజీఎంఐ ఆడేవాళ్లకి స్క్వాడ్ అంటే తెలుసు కదా, నలుగురు. ఇక్కడ కూడా నలుగురే. కానీ ఎదుటి పక్క ఇంకో స్క్వాడ్ ఉండదు, కంప్యూటర్ నడిపే శత్రువులు ఉంటారు: ఒక వైపు పెద్ద పెద్ద పురుగులు, ఇంకో వైపు రోబోలు. మీరు సూపర్ ఎర్త్ అనే భూమి సైనికులు, వేరే గ్రహాల మీద దిగుతారు. పై నుంచి బాంబులు, తుపాకులు తెప్పించుకోవాలంటే పైకి, కిందికి, ఎడమకి, కుడికి అని ఒక కోడ్ కొట్టాలి. పురుగు మీద పడి కొరుకుతున్నప్పుడు కూడా ఆ కోడ్ తప్పకుండా కొట్టాలి. ఒకటి తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఇంకోటి, మీ తూటా మీ దోస్తుకి కూడా తగులుతుంది. మీరు పిలిచిన బాంబు మీ దోస్తు మీదే పడుతుంది. నవ్వు మొత్తం అక్కడే ఉంది.

తయారు చేసింది స్వీడన్‌లోని యారోహెడ్ గేమ్ స్టూడియోస్, స్టాక్‌హోమ్ కంపెనీ. పబ్లిష్ చేసింది సోనీ. మొదటి హెల్‌డైవర్స్ 2015లో వచ్చింది, అది పై నుంచి చూసి ఆడే చిన్న గేమ్. రెండోది 2024 ఫిబ్రవరి 8న ప్లేస్టేషన్ 5, పీసీల మీద వచ్చింది.

క్రిటిక్స్‌కి బాగా నచ్చింది. మెటాక్రిటిక్‌లో వందకి 80 పైన, ఐజీఎన్ పదికి 9 ఇచ్చింది. అందరూ దాదాపు ఒకే మాట అన్నారు: ఆ గందరగోళం సరదాగా ఉంది, నలుగురు కలిసి ఆడితే వదలబుద్ధి కాదు. దాని వెటకారాన్ని కూడా మెచ్చుకున్నారు. గేమ్‌లో ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ అని అరుస్తూ ఉంటారు, కానీ ఆ సైనికుడి ప్రాణానికి చిల్లిగవ్వ విలువ ఉండదు, చచ్చిన నిమిషంలో ఇంకొకడిని దించుతారు. 1997లో వచ్చిన స్టార్‌షిప్ ట్రూపర్స్ సినిమా చూసినవాళ్లకి ఆ పోలిక వెంటనే తడుతుంది. ఆ సినిమా రిలీజైనప్పుడు చాలామందికి అందులో ఉన్నది వెటకారం అని అర్థం కాలేదు, తిట్టారు. ఏళ్లు గడిచాక మెచ్చుకున్నారు. సినిమా ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు, చూసేవాళ్లు మారారు.

గేమ్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. సినిమా రిలీజయ్యాక మారదు. ఈ రకం ఆన్‌లైన్ గేమ్ ప్రతి అప్‌డేట్‌కీ మారుతుంది. అంటే మనం రివ్యూ రాసే వస్తువు మన చేతిలోనే మారిపోతూ ఉంటుంది.

ఇప్పుడు తేదీల ప్రకారం చూద్దాం.

మొదటి వారం. క్రిటిక్స్ 9 ఇస్తుంటే స్టీమ్‌లో కొన్నవాళ్లు "మిక్స్‌డ్" ఇచ్చారు. ఎందుకు? సర్వర్లు తట్టుకోలేదు. అంతమంది వస్తారని కంపెనీ కూడా అనుకోలేదు. ఒకేసారి నాలుగున్నర లక్షల మందికి మించి లోపలికి రాకుండా గేటు పెట్టారు. స్టీమ్‌లో ఒక్కటే ఒకేసారి 4,58,000 మందికి పైగా ఆడిన రోజుంది. డబ్బులు కట్టి, లాగిన్ స్క్రీన్ ముందు గంటలు కూర్చున్నవాడు గేమ్ ఎంత బాగుందని రాస్తాడు చెప్పండి? దానికి తోడు ఆ యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో చాలా లోతుగా పోయి కూర్చుంటుందని ఇంకో కోపం.

అప్పుడు యారోహెడ్ సీఈఓగా యోహాన్ పిలెస్టెట్ ఉన్నాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? చేతిలో డబ్బులు తక్కువుంటే ఇప్పుడు కొనకండి, సర్వర్లు సరయ్యేదాకా ఆగండి అన్నాడు. గేమ్ అమ్ముకునేవాడే ఆగమన్నాడు. అదే ఫిబ్రవరిలో, అమ్మకంతో ఏ సంబంధం లేని నేను "కళ్లు మూసుకుని కొనేయండి" అన్నాను.

ఇక్కడ మా తమ్ముడి కథ.

వాడు అప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మా దిక్కు అల్లం పంట ఎక్కువ, చలికాలంలో తవ్వకాలు ఉంటాయి. సెలవు రోజుల్లో కూలికి పోయి దాచుకున్న డబ్బులు. మన దగ్గర గేమ్ ధర దాదాపు రెండున్నర వేలు. నా వీడియో చూశాడు, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఉంది, యూపీఐతో కొట్టేశాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాడంట, ఇద్దరం ఒకే స్క్వాడ్‌లో ఆడొచ్చని.

స్టోర్ పేజీలో 100 జీబీ ఖాళీ ఉండాలని రాసి ఉంది. వాడి ఫోన్‌లో రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. లెక్క మీరే వేయండి. కంప్రెస్ అయి వస్తుంది కాబట్టి డౌన్‌లోడ్ కొంత తగ్గుతుంది, అయినా నెల పైనే. రోజూ రాత్రి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, డేటా అయిపోయేదాకా డౌన్‌లోడ్, మళ్లీ తెల్లారి. స్టీమ్‌లో డబ్బులు వాపస్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉండాలి. పద్నాలుగో రోజుకి వాడి దగ్గర దిగింది 21 జీబీ. గేమ్ తెరవకుండానే గడువు అయిపోయింది.

ఉగాదికి నేను ఊరికొచ్చాను. చిన్నమ్మ అంది, "ఆడు రెండు నెలలసంది రాత్రిళ్లు ఫోను ముట్టనిస్తలేడు, ఏం చేస్తుండో నువ్వన్న అడుగు బిడ్డా." పోయి చూస్తే లాప్‌టాప్ మీద డౌన్‌లోడ్ గీత, ముప్పావు వంతు దాటింది. నేను గీత చూడలేదు, కింద స్టిక్కర్ చూశాను. ఐ3 ప్రాసెసర్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఈ గేమ్‌కి కనీసం జీటీఎక్స్ 1050 టీఐ స్థాయి కార్డ్ కావాలి. అది పూర్తిగా దిగినా నడవదు.

చెప్పాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు బాగున్నదని చెప్పినవ్ కదన్నా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. డబ్బులు ఇస్తానంటే తీసుకోలేదు. "నువ్వు నాతోని చెప్పలే కదా, అందరికి చెప్పినవ్" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. నేను అబద్ధం చెప్పలేదు. గేమ్ నిజంగా బాగుంది. కానీ నేను ఆడింది మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీ మీద, ఫైబర్ నెట్‌తో, సాఫ్ట్‌వేర్ జీతంతో. నా రివ్యూలో ఆ మూడూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయాలని తట్టలేదు కూడా.

సరే, మళ్లీ తేదీల్లోకి. అసలు గొడవ మేలో.

2024 మే 3న సోనీ ఒక ప్రకటన ఇచ్చింది. పీసీలో ఆడేవాళ్లందరూ ఇక ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అకౌంట్ కలపాల్సిందే, కొత్తవాళ్లు మే 6 నుంచి, పాతవాళ్లు జూన్ 4 లోపు. కారణం ఏం చెప్పారంటే, అల్లరి చేసేవాళ్లని పట్టుకోవడానికి, ఆటగాళ్ల భద్రతకి. వినడానికి చిన్న విషయం. మన ఇండియాలో ఆ నెట్‌వర్క్ ఉంది, రెండు నిమిషాల పని. కానీ పక్కనే ఉన్న నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలో లేదు. ప్రపంచంలో వందకి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో లేదు. అక్కడివాళ్లు డబ్బులు కట్టి మూడు నెలలు ఆడుతున్న గేమ్ తలుపు ఇప్పుడు మూసేస్తామన్నట్టు. ఒక గీతకి ఇవతల ఉంటే ఒక రూల్, అవతల ఉంటే ఇంకో రూల్. మా ఊళ్లో చెక్‌పోస్ట్ చూస్తూ పెరిగినవాణ్ణి కదా, నాకు ఆ సంగతి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు స్టీమ్‌లో వాన కురిసినట్టు నెగెటివ్ రివ్యూలు పడ్డాయి. రెండు లక్షలకి పైగా, అదీ రెండు మూడు రోజుల్లో. గేమ్ బాలేదని కాదు. చాలామంది రాసింది చదివితే, గేమ్ నచ్చింది కాబట్టే రాస్తున్నా అని ఉంటుంది. మే 6న సోనీ వెనక్కి తగ్గింది, రూల్ తీసేసింది. చాలామంది వెంటనే పోయి తమ రివ్యూ ఎరుపు నుంచి నీలానికి మార్చుకున్నారు.

అంతా సంతోషంగా ముగిసిందా అంటే, లేదు. స్టోర్ నుంచి తీసేసిన దేశాల్లో గేమ్ వెంటనే తిరిగి అమ్మకానికి రాలేదు. నచ్చకపోతే రివ్యూ మార్చండి, రీఫండ్ అడగండి అని ఆటగాళ్లకి చెప్పిన ఆ స్టూడియో కమ్యూనిటీ మేనేజర్ ఉద్యోగం పోయింది. పిలెస్టెట్ మాత్రం తప్పు తనది కూడా ఉందని ఒప్పుకున్నాడు: ఈ రూల్ వస్తుందని రిలీజ్‌కి ఆరు నెలల ముందే తెలుసు, సర్వర్లు కూలుతున్నాయని మొదట్లో దాన్ని ఆపి ఉంచింది తనే అని. ఆ నెలలోనే సీఈఓ కుర్చీ షామ్స్ జోర్జానికి ఇచ్చి తను గేమ్ తయారీ వైపు వెళ్లాడు. తర్వాత ఆ నెగెటివ్ రివ్యూల గ్రాఫ్ ఎలా ఉందో అలాంటి బొమ్మతోనే గేమ్‌లో ఒక కేప్, అంటే వీపు మీద వేసుకునే వస్త్రం, చేసి ఇచ్చారు. తిట్లనే బట్టగా కుట్టారన్నమాట.

ఇలాంటిదాన్ని రివ్యూ బాంబింగ్ అంటారు. చాలామంది దీన్ని అల్లరి కింద కొట్టిపారేస్తారు. నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కూడా అలాగే అనుకునేవాణ్ణి. మా పాత కంపెనీ యాప్‌లో ఒకసారి లాగిన్ పద్ధతి మార్చారు, పాత ఫోన్ నంబర్ పోయినవాళ్లు లోపలికి రాలేకపోయారు. వారంలో రేటింగ్ పడిపోయింది. పొద్దున్నే వచ్చి ఆ రివ్యూలన్నీ షీట్‌లో ఎక్కించడం నా పని. "నంబర్ పోయింది, ఎట్ల లాగిన్ కావాలె?" అని ఒకే స్టార్. మీటింగ్‌లో ఆ మాట ఎవరికీ కనిపించదు, కిందికి పోయిన అంకె ఒక్కటే కనిపిస్తుంది. కస్టమర్ కేర్‌కి రాస్తే జవాబు రాని మనిషికి మిగిలిన ఒకే ఒక్క తలుపు ఆ స్టార్. కాబట్టి కొడతాడు.

అయితే దానికి ఇంకో వైపు కూడా ఉంది. మన దేశంలోనే ఫౌజీ గేమ్ గుర్తుందా? 2020 సెప్టెంబర్ 2న పబ్జీ బ్యాన్ అయింది. రెండు రోజులకే అక్షయ్ కుమార్ ఫౌజీ అనౌన్స్ చేశాడు. బెంగళూరు కంపెనీ ఎన్‌కోర్ గేమ్స్ తీసింది. 2021 జనవరి 26న వచ్చింది. అందరూ పబ్జీకి బదులు అనుకుని ఎదురుచూశారు. తీరా చూస్తే గల్వాన్ మీద ఒంటరిగా ఆడే క్యాంపెయిన్ ఒక్కటే, బ్యాటిల్ రాయల్ లేదు, స్క్వాడ్ లేదు. రేటింగ్ కొన్ని రోజుల్లోనే మూడు చుట్టుపక్కలకి జారింది. దేశం కోసం అయిదు స్టార్లు ఇచ్చినవాళ్లున్నారు, పబ్జీ పోయిన కోపంతో ఒక స్టార్ ఇచ్చినవాళ్లున్నారు. గేమ్ ఎలా ఉందో చెప్పినవాళ్లు ఆ ఇద్దరి మధ్యలో నలిగిపోయారు. అక్కడ స్టార్ చూసి గేమ్ తెలుసుకోవడం కుదరదు, ఇచ్చినవాడి మూడ్ తెలుస్తుంది అంతే.

హెల్‌డైవర్స్‌కి మళ్లీ వద్దాం. ఆగస్టు 6, 2024. ఎస్కలేషన్ ఆఫ్ ఫ్రీడమ్ అని పెద్ద అప్‌డేట్. కొత్త శత్రువులు, కొత్త మిషన్లు వచ్చాయి, కానీ జనాలు ఇష్టపడే ఫ్లేమ్‌త్రోయర్‌ని బలహీనం చేశారు. మళ్లీ ఎర్ర రివ్యూలు. ఈసారి కోపం సోనీ మీద కాదు, నేరుగా స్టూడియో మీద. వాళ్లు విన్నారు. 60 రోజుల్లో సరిచేస్తామని మాటిచ్చి, సెప్టెంబర్ 17 అప్‌డేట్‌లో చాలా ఆయుధాల బలం పెంచారు. జనాలు తిరిగొచ్చారు. డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్‌లో బెస్ట్ ఆన్‌గోయింగ్ గేమ్, బెస్ట్ మల్టీప్లేయర్ రెండూ దీనికే. 2025లో బాఫ్టా కూడా మల్టీప్లేయర్, సంగీతం విభాగాల్లో ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 26న ఎక్స్‌బాక్స్‌కీ వచ్చింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. 2025 చివరికి పీసీలో ఈ గేమ్ సైజు 150 జీబీ దాటింది. కన్సోల్‌లో ఉన్నదానికి ఎన్నో రెట్లు. ఎందుకంటే పాత రకం హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లకి త్వరగా లోడ్ అవ్వాలని ఒకే ఫైల్‌ని చాలా చోట్ల కాపీలు పెట్టారు. ఇంజినీర్లు మామూలుగా చేసే పనే ఇది. కానీ తర్వాత కొలిచి చూస్తే, లోడింగ్‌లో ఎక్కువ టైమ్ తీసుకుంటున్నది మ్యాప్ తయారవడం, ఫైల్ చదవడం కాదు. అంటే ఆ కాపీల వల్ల లాభం చాలా తక్కువ. డిసెంబర్‌లో కాపీలన్నీ తీసేసిన వెర్షన్ ఇచ్చారు. 154 జీబీ నుంచి 23 జీబీకి వచ్చింది.

ఈ సైజు గురించి 2024లో నేను చదివిన పెద్ద పెద్ద రివ్యూల్లో దేంట్లోనూ కనిపించలేదు. నా దాంట్లో కూడా లేదు. ఫైబర్ ఉన్నవాడికి 100 జీబీ అంటే మధ్యాహ్నం నిద్ర. రోజుకు ఒకటిన్నర జీబీ ఉన్నవాడికి రెండు నెలలు. ఒకే గేమ్, రెండు వేర్వేరు రివ్యూలు. రెండూ నిజమే.

కాబట్టి నేను ఇప్పుడు రివ్యూ చూసేటప్పుడు మూడు చూస్తాను. ఒకటి, తేదీ. ఏ అప్‌డేట్ తర్వాత రాశారు? స్టీమ్‌లో మొత్తం రేటింగ్ వేరే, ఈ మధ్య 30 రోజుల రేటింగ్ వేరే ఉంటుంది, రెండూ చూడండి. రెండు, దేని మీద. గేమ్ మీదా, సర్వర్ మీదా, కంపెనీ రూల్ మీదా? స్టార్ కింద ఉన్న నాలుగు లైన్లు చదివితే తెలిసిపోతుంది. మూడు, ఎక్కడి నుంచి. ఆ మనిషి దగ్గర ఏ ఫోన్, ఏ పీసీ, ఏ నెట్? అది చెప్పకపోతే ఆ తీర్పు మీకు ఎంత పనికొస్తుందో తెలీదు. నేనైనా అంతే. ఇక నుంచి నా ప్రతి రివ్యూ మొదటి నిమిషంలో నేను దేని మీద ఆడానో చెప్తాను. చెప్పకపోతే కామెంట్లలో అడగండి.

మరి హెల్‌డైవర్స్ 2 కొనాలా వద్దా? గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీ ఉండి, ముగ్గురు దోస్తులు ఉంటే, ఈరోజు తేదీకి కొనొచ్చు. ఒక్కరే ఉంటే ఆలోచించండి. లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే వద్దు, ఎంత తక్కువకి వచ్చినా వద్దు.

చివరగా ఒక మాట. నిన్న సాయంత్రం మా తమ్ముడు, నేను హైవే పక్కన చాయ్ తాగుతున్నాం. వాడి ఫోన్‌లో ఇండస్ పేజీ తెరిచి ఉంది. పుణె కంపెనీ సూపర్‌గేమింగ్ 2024 అక్టోబర్‌లో ఫోన్లకి తెచ్చిన సైన్స్ ఫిక్షన్ బ్యాటిల్ రాయల్ అది, మన దేశపు గేమ్. ఎట్లుంది అని అడుగుతాడేమో అని నేను జవాబు రెడీ చేసుకుంటున్నా.

వాడు అడిగింది ఇంకోటి. "అన్నా, నువ్వు ఏ ఫోన్ల ఆడినవ్?"

నా దగ్గరున్న ఫోన్ ఖరీదు చెప్పాను. నవ్వి, నా ముందే డిలీట్ చేయడానికి పనికిరాని పాత వీడియోలు వెతకడం మొదలుపెట్టాడు. "సరే, మొదలు నా ఫోన్ల ఆడి చూస్త. ఆడినంక నేనే నీకు చెప్త" అన్నాడు.

వాడి రివ్యూ కోసం నేను ఎదురుచూస్తున్నా. వచ్చాక, వాడు ఒప్పుకుంటే, వాడి ఫోన్ పేరు ముందు చెప్పి ఇక్కడే చదివి వినిపిస్తా. అప్పటిదాకా సెలవు. చిరాగ్‌పల్లి నుంచి నమస్తే.